సెమినరీ పెరట్లో మొలిచిన విశ్వవిద్యాలయం

సభలోని పెద్దలకు, మిత్రులకు, ముఖ్యంగా సగం బలవంతం మీద తల్లిదండ్రుల వెంట వచ్చి వెనక వరుసల్లో కూర్చున్న పిల్లలకు నమస్కారం. కెనడాలోని ఈ వాటర్లూలో ఏళ్ల తరబడి కాపురముంటున్న మనం ఈ ఊరి చరిత్రను కూడా ఒకసారి కూర్చుని చెప్పుకోవాలని నిర్వాహకులు అన్నారు. నాకు అప్పగించిన భాగం, విల్‌ఫ్రిడ్ లారియే విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్న లూథరన్ సెమినరీ, అంటే పాస్టర్లను తయారుచేసే కళాశాల, కథ. ఇప్పుడు దాని పేరు మార్టిన్ లూథర్ యూనివర్సిటీ కాలేజీ. నేను గుంటూరు ఏసీ కాలేజీలో చదువుకున్నవాణ్ణి కనుక లూథరన్ అనే మాట నాకు పరాయిది కాదు. అయినా ఈ ఊరికి వచ్చిన చాలాకాలం వరకు ఆ భవనం ముందునుంచి నడిచి వెళుతూ నేను కూడా అందరిలాగే అనుకున్నాను: ప్రభుత్వ సొమ్ముతో నడిచే యూనివర్సిటీవారు ఏదో ఉదారంగా ఒక చర్చి సంస్థకు ఆవరణలో ఇంత చోటు ఇచ్చి ఉంటారని. అసలు సంగతి దానికి పూర్తిగా తలకిందులు. యూనివర్సిటీ సెమినరీకి చోటివ్వలేదు. సెమినరీ పెరట్లో యూనివర్సిటీ మొలిచింది. మొలిచిన చెట్టు ఇంటిని మించి పెరిగింది. అది ఎలా జరిగిందన్నదే నా ప్రసంగం. ప్రతి మలుపులోనూ నాకు కనబడింది మత వాదోపవాదాల కంటే ఎక్కువగా రెండు ప్రశ్నలే: స్థలం ఎవరిది, ఖర్చు ఎవరు భరిస్తారు?

ముందుగా మన దేశం నుంచి వచ్చినవారికి సహజంగా కలిగే ఒక సందేహం తీరుస్తాను. మన దగ్గర విశ్వవిద్యాలయానికీ సెమినరీకీ పొత్తు కుదరలేదు. మద్రాసు యూనివర్సిటీ గానీ, 1926లో పుట్టిన ఆంధ్ర యూనివర్సిటీ గానీ పాస్టర్లను తయారుచేసే పట్టాలు ఇవ్వవు. అందుకే మన దైవశాస్త్ర కళాశాలల్లో చాలావాటికి పట్టాలు సేరంపూర్ నుంచి వస్తాయి. ఆ సేరంపూర్ కాలేజీ బాప్టిస్టు మిషనరీలది, దానికి పట్టాలిచ్చే అధికారాన్ని 1827లో ప్రసాదించినవాడు లూథరన్ అయిన డెన్మార్కు రాజు, దాన్ని మన కాలానికి ఖాయం చేసింది 1918లో బెంగాల్లో వచ్చిన చట్టం. చరిత్ర ఇలాంటి వింతలు చేస్తూనే ఉంటుంది. లూథరన్లకు మాత్రం పుట్టిల్లే విశ్వవిద్యాలయం. వారి మూలపురుషుడు మార్టిన్ లూథర్ మఠంలో సన్యాసి అయినా ఉద్యోగరీత్యా విట్టెన్‌బర్గ్ యూనివర్సిటీలో ఆచార్యుడు. 1512లో డాక్టరు పట్టా పుచ్చుకుని అక్కడే బైబిలు పాఠం చెప్పినవాడు. జర్మనీలో పాస్టరు కావాలంటే విశ్వవిద్యాలయంలో చదవవలసిందే. సెమినరీ అని వేరే బడి పెట్టుకోవలసిన అవసరం, ప్రభుత్వం మతవిద్యను భుజాన వేసుకోని అమెరికా గడ్డ మీద వచ్చింది. 1826లో గెటిస్‌బర్గులో పెట్టింది అలాంటిదే. కెనడాలో కూడా అదే అవసరం పడింది, కాకపోతే ఎనభై అయిదేళ్లు ఆలస్యంగా.

ఇక స్థలం. ఈ గ్రాండ్ నదికి ఇరువైపులా ఆరేసి మైళ్ల భూమిని 1784 అక్టోబరులో గవర్నరు హాల్డిమాండ్ ఒక ప్రకటన ద్వారా హౌడెనొషౌనీ ప్రజలకు, అంటే సిక్స్ నేషన్స్ వారికి, అమెరికా యుద్ధంలో బ్రిటిష్ పక్షాన నిలిచినందుకు ఇచ్చాడు. అందులోంచి చేతులు మారిన 60,000 ఎకరాల చెక్కను 1805లో పెన్సిల్వేనియా నుంచి వచ్చిన మెన్నొనైట్లు అనే క్రైస్తవ శాఖవారు ఒక కంపెనీగా ఏర్పడి కొన్నారు. వీరు జర్మన్ యాస మాట్లాడే రైతులు. వారి మాట వినబడే చోటు గనుక ఆ తర్వాత జర్మనీ నుంచి నేరుగా వచ్చిన లూథరన్లు, కాథలిక్కులు కూడా ఇక్కడికే చేరారు. వాటర్లూకు ఆనుకుని ఉన్న ఊరికి బెర్లిన్ అనే పేరు ఊరికే రాలేదు. నేటి కిచెనర్ అదే.

ఈ లూథరన్లు 1861లో కెనడా సినడ్‌ను ఏర్పరచుకున్నారు. సినడ్ అంటే మన ఏఈఎల్‌సీ (ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి) వారికి తెలిసినదే, సంఘాలన్నీ కలిసి ఏర్పరచుకున్న పాలక సభ. వారి ఆరాధన జర్మన్ భాషలో. పాస్టర్లు కావాలంటే రెండే దారులు: ఒకటి జర్మనీలో క్రోప్ వంటి చోట్ల తయారైనవారిని రప్పించుకోవడం, రెండోది కుర్రవాళ్లను ఫిలడెల్ఫియా సెమినరీకి పంపడం. జర్మనీ నుంచి వచ్చిన పాస్టరుకు ఇంగ్లీషు రాదు. ఫిలడెల్ఫియా వెళ్లిన కుర్రవాడు తిరిగి వస్తాడన్న నమ్మకం లేదు. ఈలోగా ఇంగ్లీషులో ఆరాధన కావాలనే సంఘాలు తమకు వేరే సినడ్ పెట్టుకున్నాయి. భాష దగ్గర విడిపోయిన ఈ రెండు సినడ్లూ కలిసి చేసిన పెద్ద పని సెమినరీ.

ఇక్కడే మన గోదావరి ఒడ్డుతో ఒక చుట్టరికం ఉంది. కెనడా సినడ్ 1867లో అమెరికాలో ఏర్పడిన జనరల్ కౌన్సిల్ అనే లూథరన్ సమాఖ్యలో సభ్యురాలు. ఆ జనరల్ కౌన్సిల్ విదేశాల్లో నడిపిన ముఖ్యమైన మిషను మన రాజమండ్రి మిషను. గుంటూరులో 1842లో పని మొదలుపెట్టిన ఫాదర్ హేయర్, రాజమండ్రిని ఆంగ్లికన్లకు అప్పగించేస్తారని విని, డెబ్బయ్యారేళ్ల వయసులో 1869లో మళ్లీ ఓడ ఎక్కి వచ్చిన కథ మీలో కొందరు చిన్నప్పుడు సండే స్కూల్లో వినే ఉంటారు. అలా నిలిచిన రాజమండ్రి మిషనును సభ్య సినడ్ల కానుకలు పోషించాయి. కనుక ఈ వాటర్లూ ప్రాంతంలో గుడికి వెళ్లే జర్మన్ రైతుకు రాజమండ్రి పేరు తెలియడం ఆశ్చర్యం కాదు. 1918లో జనరల్ కౌన్సిలూ, గుంటూరు మిషనును నడిపిన జనరల్ సినడూ యునైటెడ్ లూథరన్ చర్చిగా ఒకటయ్యాయి. ఆ తర్వాత గుంటూరు ఏసీ కాలేజీ, రాజమండ్రి లూథర్‌గిరి దైవశాస్త్ర కళాశాల, వాటర్లూ సెమినరీ మూడూ ఒకే గొడుగు కింద సంస్థలు. నేను చదివిన కాలేజీకీ, నేడు నేనుంటున్న ఊరి సెమినరీకీ వరస కలుస్తుందని తెలిసిన రోజున, దాచడమెందుకు, నాకు కొంచెం గర్వంగానే అనిపించింది.

సెమినరీని మొదట టొరంటోలో పెట్టాలని ఆలోచించారు. పెద్ద ఊరు, యూనివర్సిటీ ఉన్న ఊరు. అప్పుడు వాటర్లూ పట్టణంవారు, ఇక్కడ పెడితే స్థలం మేమిస్తామన్నారు. దాంతో చర్చ ముగిసింది. మన ఊళ్లలో కాలేజీ ఎక్కడ పెట్టాలో తేలేది కూడా సరిగ్గా ఇలాగే గదా! 1911 అక్టోబరు 30న ఎవాంజెలికల్ లూథరన్ సెమినరీ ఆఫ్ కెనడా విద్యార్థులకు తలుపులు తెరిచింది.

ఆ నెలను కొంచెం గుర్తుపెట్టుకోమని మనవి. అదే సంవత్సరం సెప్టెంబరు 21న జరిగిన ఎన్నికల్లో, పదిహేనేళ్లుగా ప్రధానిగా ఉన్న సర్ విల్‌ఫ్రిడ్ లారియే ఓడిపోయారు. అక్టోబరు 6న గద్దె దిగారు. ఈ నియోజకవర్గమే అయిన నార్త్ వాటర్లూలో ఆయన మంత్రి, బెర్లిన్‌లో పుట్టి పెరిగిన మెకెంజీ కింగ్, కూడా ఓడిపోయారు. అంటే లారియే ఇంటికి వెళ్లిన నెలలోనే, ఆయనను కాదన్న ఊళ్లోనే, ఈ సెమినరీ పుట్టింది. అరవై రెండేళ్ల తర్వాత ఈ సంస్థ నుదుటనే ఆయన పేరు ఎక్కుతుందని ఆనాడు ఎవరైనా అంటే, జర్మన్ లూథరన్ పాస్టర్లు ఆ ఫ్రెంచి కాథలిక్కు పేరు విని నవ్వి ఊరుకునేవారు.

మొదలుపెట్టిన మూడేళ్లకే రెండు విషయాలు ఎదురయ్యాయి. ఒకటి సామాన్యమైనది. పాస్టరు చదువుకు వచ్చే కుర్రవాడికి అంతకుముందు ఉండవలసిన చదువు లేదు. అందుకని 1914లో వాటర్లూ కాలేజ్ స్కూల్ అనే పేరుతో దైవశాస్త్రం కాని చదువు కూడా చెప్పడం మొదలుపెట్టారు. ఒక విధంగా ఇది వంటకు ముందు కూరగాయలు తరుక్కునే పని. కానీ తర్వాతి కథంతా ఈ తరుగుడు పీట మీదినుంచే నడిచింది.

రెండోది యుద్ధం. దీని గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఇవాళ ఈ ప్రాంతంలో అక్టోబరు రాగానే ఆక్టోబర్‌ఫెస్ట్ అనే జర్మన్ ఉత్సవానికి జనం విరగబడడం చూస్తే, ఇక్కడ జర్మన్‌గా ఉండటం ప్రమాదమైన రోజులు ఉండేవంటే నమ్మబుద్ధి కాదు. బెర్లిన్‌లోని విక్టోరియా పార్కులో కైజర్, అంటే జర్మన్ చక్రవర్తి, మొదటి విల్‌హెల్మ్ శిరోవిగ్రహం ఒకటి ఉండేది. 1914 ఆగస్టులో కొందరు దాన్ని పీకి పక్కనున్న చెరువులో పారేశారు. బయటికి తీసి జర్మన్ల క్లబ్బులో పెట్టుకుంటే, 1916 ఫిబ్రవరిలో స్థానిక 118వ బెటాలియన్ సైనికులు దాన్ని ఎత్తుకెళ్లి ఊరంతా ఊరేగించారు. ఆ తర్వాత దాని జాడ లేదు. కరిగించి ఏవో చిన్న వస్తువులు చేసుకున్నారని చెప్పుకుంటారు. మార్చిలో సెయింట్ మాథ్యూస్ లూథరన్ చర్చి పాస్టరు టాపర్ట్‌ను సైనికులు ఇంట్లోంచి ఈడ్చుకొచ్చి వీధిలో కొట్టారు. మే నెలలో ఊరి పేరు మార్చాలా వద్దా అని ఓటింగు పెట్టారు. మార్చాలన్నవారు 1,569 మంది, వద్దన్నవారు 1,488 మంది, తేడా 81. ఏ పేరు పెట్టాలన్న రెండో ఓటింగుకు జనం వెళ్లనే లేదు. అందులో కిచెనర్‌కు 346, బ్రాక్‌కు 335 వచ్చాయి. పదకొండు ఓట్లు అటూ ఇటూ అయి ఉంటే మనం ఇవాళ బ్రాక్ అనే ఊళ్లో కూరగాయలు కొనుక్కుంటూ ఉండేవాళ్లం. అంతకు కొద్దిరోజుల ముందే సముద్రంలో మునిగి చనిపోయిన ఈ లార్డ్ కిచెనర్, 1902 నుంచి 1909 వరకు మన దేశంలో సర్వసేనాని, కర్జన్ ప్రభువుతో తగవు పెట్టుకుని ఆయన రాజీనామాకు కారణమైనవాడు.

ఇదంతా సెమినరీకి పక్క ఊరి గొడవే. అయినా అయిదేళ్ల పసికూన వంటి ఆ సంస్థకు ఒక సంగతి అర్థమై ఉండాలి: జర్మన్ మాట్లాడే వారికి జర్మన్‌లో పాస్టర్లను ఇవ్వడం అనే పనికి ఇక ఎన్నో రోజులు లేవు. ఇంగ్లీషు సినడూ జర్మన్ సినడూ 1925లో ఒకటయ్యాయి. దానికి ఒక ఏడాది ముందే, 1924లో, సెమినరీ ఆవరణలో వాటర్లూ కాలేజీ అనే పేరుతో ఆర్ట్స్ విభాగం మొదలైంది. ఊరి పిల్లలు, లూథరన్లు కానివారు కూడా, వచ్చి చరిత్ర, సాహిత్యం వంటివి చదువుకునే కాలేజీ. జర్మన్ చర్చిగా ఒంటరిగా మిగలడం కంటే ఊరి కాలేజీగా అందరిలో కలవడం మేలని వారు ఆలోచించి చేశారని నేను చెప్పలేను. కానీ ఫలితం మాత్రం అదే.

కాలేజీ అంటే పట్టాలెవరిస్తారు? 1925లో లండన్‌లోని, అంటే ఒంటారియో లండన్‌లోని, వెస్టర్న్ యూనివర్సిటీకి వాటర్లూ కాలేజీ అనుబంధమైంది. ఈ అనుబంధం మనకు బాగా తెలిసిన పద్ధతే. 1885లో మొదలైన గుంటూరు కాలేజీ మద్రాసు యూనివర్సిటీ పరీక్షలు రాయించినట్టు. ఆ వెస్టర్న్ యూనివర్సిటీ కూడా హ్యూరన్ కాలేజీ అనే ఆంగ్లికన్ దైవశాస్త్ర కళాశాల కడుపున పుట్టినదే కావడం గమనించండి. ఈ రాష్ట్రంలో పెద్ద పెద్ద యూనివర్సిటీల జాతకాలు విప్పితే చాలావాటికి మొదటి గదిలో ఒక చర్చి కనిపిస్తుంది. క్వీన్స్ ప్రెస్బిటీరియన్లది, విక్టోరియా మెథడిస్టులది, మక్‌మాస్టర్ బాప్టిస్టులది. ఇవన్నీ ఏదో ఒకనాడు చర్చి చెయ్యి వదిలేశాయి, లేదా పెద్ద యూనివర్సిటీలో కలిసిపోయాయి. కారణం ఒక్కటే. 1868లో ఒంటారియో ప్రభుత్వం, మతశాఖల కాలేజీలకు ఇక పైసా ఇవ్వం అని తేల్చిచెప్పింది. చర్చి కాలేజీలు చందాలతో, ఫీజులతో బతకాలి. భాషలూ చరిత్రా చెప్పినంత కాలం చందాలతో బతకవచ్చు. బల్ల, కుర్చీ, పంతులు ఉంటే చాలు. చిక్కు వచ్చింది ప్రయోగశాలల దగ్గర.

ఈ ఘట్టమే కథకు మధ్య దూలం. 1953లో వాటర్లూ కాలేజీకి అధ్యక్షుడిగా జెరాల్డ్ హేగీ వచ్చారు. పాస్టరు కాదు. ఈ కాలేజీలోనే చదువుకుని, పక్క ఊళ్లోని బీ.ఎఫ్. గుడ్రిచ్ టైర్ల కంపెనీలో ప్రకటనల వ్యవహారం చూసినవాడు. యుద్ధం తర్వాతి కాలం. ఫ్యాక్టరీలకు ఇంజనీర్లు చాలడం లేదు. కాలేజీలకు వచ్చే పిల్లల సంఖ్య పెరగబోతున్నదని అందరికీ తెలుసు. ఇంజనీరింగు పెట్టాలంటే ప్రభుత్వ గ్రాంటు కావాలి. లూథరన్ కాలేజీకి గ్రాంటు రాదు. హేగీ దీనికి కనిపెట్టిన ఉపాయం, నిజానికి మక్‌మాస్టర్ బాప్టిస్టులు 1948లోనే హామిల్టన్ కాలేజీ అనే పేరుతో చేసి చూపినది: చర్చికి సంబంధం లేని వేరే సంస్థను పక్కన నమోదు చేయించి, సైన్సు అంతా దాని పేర పెట్టి, గ్రాంటు దాని ఖాతాలో తీసుకోవడం. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు, రెండు రేషను కార్డులు అన్నమాట. 1956లో అలా పుట్టింది వాటర్లూ కాలేజ్ అసోసియేట్ ఫాకల్టీస్. గుడ్రిచ్ అధ్యక్షుడు ఐరా నీడిల్స్ ఆ ఆగస్టులో ఒక ప్రసంగం చేస్తూ, దేశానికి 1,50,000 మంది ఇంజనీర్లు కావాలి, విద్యార్థి కొన్ని నెలలు తరగతిలో, కొన్ని నెలలు ఫ్యాక్టరీలో గడిపే పద్ధతి పెడదాం అన్నారు. వెనక వరుసలో ఉన్న పిల్లలూ, మీరు రాత్రింబవళ్లు రెజ్యూమేలు దిద్దుకునే కోఆప్ అదే. 1957 జులైలో 70 మందికి పైగా విద్యార్థులతో తాత్కాలికంగా వేసిన షెడ్లలో తరగతులు మొదలయ్యాయి. ఆ షెడ్లు ఉన్నది సెమినరీ పక్కన, వాటర్లూ కాలేజీ స్థలంలో.

మరుసటి ఏడాది అసోసియేట్ ఫాకల్టీస్ వారు పడమటి వైపు పెద్ద పొలం కొనుక్కున్నారు. 1959లో ఒంటారియో శాసనసభ ఒకేసారి మూడు చట్టాలు చేసింది. ఒకటి మతసంబంధం లేని యూనివర్సిటీ ఆఫ్ వాటర్లూకు, రెండోది కాథలిక్కుల సెయింట్ జెరోమ్స్‌కు, మూడోది వాటర్లూ కాలేజీకి కొత్త రూపమైన వాటర్లూ లూథరన్ యూనివర్సిటీకి. ఉద్దేశం ఏమిటంటే, లూథరన్లు, కాథలిక్కులు తమ పట్టాలిచ్చే అధికారాన్ని, దైవశాస్త్రం మటుకు మినహాయించి, పక్కన పెట్టి, పెద్ద యూనివర్సిటీలో ఫెడరేటెడ్ కాలేజీలుగా చేరతారు. ఇంటిపేరు, పాలకమండలి, ఆర్ట్స్ పాఠాలు వారివే; పట్టా మీద ముద్ర మాత్రం యూనివర్సిటీది. మన అనుబంధ కళాశాల పద్ధతికీ దీనికీ పోలిక ఉంది గానీ, ఇది అంతకంటే గౌరవమైన ఒప్పందం. ఉమ్మడి కుటుంబంలో చేరుతూనే తన వాటా దస్తావేజు దగ్గర ఉంచుకోవడం వంటిది.

సెయింట్ జెరోమ్స్ 1960లో చేరింది. లూథరన్లు చేరలేదు. ఎందుకు చేరలేదన్న దానిపై ఇక్కడి పెద్దవారి మాటల్లో ఇప్పటికీ కొంత వేడి వినిపిస్తుంది. ఒక కారణం తీసిపారేయలేనిది: కొత్త యూనివర్సిటీ తనకంటూ ఆర్ట్స్ విభాగం పెట్టుకుంటే, కూతవేటు దూరంలో లూథరన్ల ఆర్ట్స్ కాలేజీ పని ఏమిటి? మూడున్నర దశాబ్దాలు కూడబెట్టినది ఆ కాలేజీయే. ఇంకొక కారణం చెప్పడానికి కొంచెం ఇబ్బందిగా ఉంటుంది: తాము పెట్టిన పసివాడు రెండేళ్లలో తమకే పెద్దన్న కావడం. చర్చలు బెడిసికొట్టాయి. హేగీ కొత్త యూనివర్సిటీకి మొదటి అధ్యక్షుడిగా పొలం వైపు వెళ్లారు. ఇటువైపు వాటర్లూ లూథరన్ యూనివర్సిటీ 1960లో వెస్టర్న్‌తో తెగతెంపులు చేసుకుని సొంతంగా పట్టాలివ్వడం మొదలుపెట్టింది. ఇవాళ యూనివర్సిటీ అవెన్యూ వెస్ట్ మీద 75 నంబరు లారియే, 200 నంబరు వాటర్లూ. ఒకే రోడ్డు మీద పది పదిహేను నిమిషాల నడకలో రెండు యూనివర్సిటీలు ఎందుకున్నాయని అడిగితే, జవాబు ఈ 1960 తగవే.

నా అభిప్రాయం అడిగితే, ఆ రోజు ఫెడరేషన్ కాదనడంతోనే 1973 ఖాయమైపోయింది. ఫెడరేషన్‌లో చేరి ఉంటే లూథరన్లకు ఒక చిన్న కాలేజీ తమదిగా మిగిలేది. చేరకపోవడం వల్ల ఒక మొత్తం యూనివర్సిటీ ఖర్చు ఒక చిన్న సినడ్ నెత్తిన పడింది. అరవైలలో పిల్లలు వెల్లువలా వచ్చారు, భవనాలు లేచాయి, ప్రభుత్వం కొంత మెత్తబడి, మతసంస్థల యూనివర్సిటీలకు మిగతావారికి ఇచ్చేదాంట్లో సగం ఇవ్వసాగింది. సగం గ్రాంటుతో పూర్తి జీతాలు ఎలా ఇస్తారు? పైగా వచ్చే విద్యార్థుల్లో లూథరన్లు తక్కువవుతున్నారు. చివరి అధ్యక్షుడు ఫ్రాంక్ పీటర్స్ కూడా మెన్నొనైటే, లూథరన్ కాదు. లూథరన్లు కానివారు నడుపుతూ, లూథరన్లు కానివారు చదువుతూ, లూథరన్ అన్న ఒక్క మాట కోసం ఏటా సగం గ్రాంటు వదులుకుంటున్న సంస్థ అది. 1973 నవంబరు 1న ఆ మాట తీసేశారు. యూనివర్సిటీ ప్రభుత్వ విశ్వవిద్యాలయమైంది.

పేరు సంగతి కొంచెం వినోదంగా ఉంటుంది. అప్పటి పేరు ఇంగ్లీషులో మొదటి అక్షరాలు డబ్ల్యు, ఎల్, యు. కోట్ల మీద, బ్యానర్ల మీద, విద్యార్థుల కేకల్లో అవే అక్షరాలు. వాటిని మార్చకుండా కొత్త పేరు కావాలి. వాటర్లూతో విశేషమైన బంధమేదీ లేని విల్‌ఫ్రిడ్ లారియే పేరు అచ్చంగా అతికింది. ఏ పిల్లల కోటు మీదా అక్షరాలు మార్చవలసిన పని పడకుండా ఒక యూనివర్సిటీకి ప్రధానమంత్రి పేరు దొరికింది. 1911 అక్టోబరును గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే.

మరి సెమినరీ? ఈ మార్పులో అది పోలేదు. యూనివర్సిటీ చేతులు మారింది గానీ సెమినరీ చర్చికే ఉండిపోయి, వాటర్లూ లూథరన్ సెమినరీ అనే పేరుతో, లారియేకు ఫెడరేటెడ్ సంస్థ అయింది. తమాషా చూడండి: 1960లో పక్క యూనివర్సిటీతో ఏ ఒప్పందం వద్దనుకున్నారో, ఇంచుమించు అదే ఒప్పందం పదమూడేళ్ల తర్వాత తమ యూనివర్సిటీతోనే చేసుకున్నారు. కాకపోతే అప్పుడు చేతిలో ఒక కాలేజీ ఉండేది, ఇప్పుడు సెమినరీ మాత్రమే మిగిలింది. మక్‌మాస్టర్ బాప్టిస్టులు ఈ పనిని 1957లోనే, తమ దైవశాస్త్ర విభాగాన్ని వేరే డివినిటీ కాలేజీగా విడదీసి, గొడవ లేకుండా ముగించుకున్నారు.

ఆవరణ చరిత్ర ఇంతసేపు చెప్పి, లోపల పాఠం చెప్పిన ఒక్కరి గురించైనా చెప్పకపోతే న్యాయం కాదు. ఉల్రిక్ లాయ్‌పోల్డ్ అనే ఆయన 1909లో జర్మనీలోని అసలు బెర్లిన్‌లో పుట్టారు. తండ్రి చర్చిలో ఆర్గన్ వాయించే విద్వాంసుడు. లాయ్‌పోల్డ్ సంగీతశాస్త్రంలో బెర్లిన్‌లోనే డాక్టరేటు చేశారు. తల్లి యూదు సంతతి కావడంతో హిట్లర్ రాజ్యంలో ఆయనకు బతుకుదెరువు లేకుండా పోయి, దేశం విడిచిపెట్టారు. చివరికి ఈ కెనడాలో, ఒకప్పుడు బెర్లిన్ అని పిలిచిన ఊరికి ఆనుకుని, 1945 నుంచి ఈ సెమినరీలో కొత్త నిబంధన గ్రంథమూ, చర్చి సంగీతమూ బోధించారు. లూథర్ రచనలు ఇంగ్లీషులో పెద్ద సంపుటాల వరుసగా వచ్చాయి కదా, అందులో కీర్తనలు, ఆరాధన క్రమాలు ఉన్న 53వ సంపుటానికి సంపాదకుడు ఆయనే. అది 1965లో వెలువడింది. ఆ పుస్తకం తెరిస్తే లూథర్ పాటల పక్కన స్వరాలు అచ్చై ఉంటాయి. ఏదో సిద్ధాంత గ్రంథంలా కాకుండా, కూర్చుని పాడుకోవడానికి వీలుగా ఉంటుంది. జర్మన్ పాస్టరును వీధిలో కొట్టిన ఊరి పక్కనే, జర్మనీ వెళ్లగొట్టిన ఒక మనిషి, జర్మన్ పాటలను ప్రపంచానికి ఇంగ్లీషులో అందించాడు. ఆయన 1970లో చనిపోయారు. అదే ఏడాది, ఈ సెమినరీ అప్పుడు భాగమై ఉన్న అమెరికా లూథరన్ చర్చి, స్త్రీలకు పాస్టర్లుగా అభిషేకం ఇవ్వవచ్చునని తీర్మానించింది.

ఆ తర్వాతి అయిదు దశాబ్దాలను నేను త్వరగా దాటేస్తాను, ఎందుకంటే అవి చాలా చర్చి సంస్థల కథే. 1986లో కెనడా లూథరన్లు అమెరికా నుంచి విడిగా తమ చర్చి ఏర్పరచుకున్నారు. ఆ చర్చి సెమినరీలు రెండింటిలో ఇది ఒకటి. రెండోది సాస్కటూన్‌లో, అదీ యూనివర్సిటీ ఆవరణలోనే. 2001 జులైలో లూథరన్లు, ఆంగ్లికన్లు ఒకరి పాస్టర్లను ఒకరు అంగీకరించే ఒడంబడిక ఈ ఊళ్లోనే జరిగింది, వాటర్లూ ప్రకటన అని దానికి పేరు. పాస్టర్లు కావాలని వచ్చేవారు అన్ని చోట్లా తగ్గినట్టే ఇక్కడా తగ్గారు.

తగ్గిన చోట పెరిగింది మరొకటి. బాధలో ఉన్నవాడి మాట వినడం పాస్టరు పనిలో భాగం గనుక, సెమినరీ అరవైల నుంచే కౌన్సెలింగును పాఠంగా చెబుతూ వచ్చింది. ఒంటారియో 2007లో సైకోథెరపీ మీద చట్టం చేసి, 2015లో నమోదు సంస్థను నెలకొల్పాక, ఆ పక్క పాఠమే సంస్థకు ప్రధానమైన పాఠమైంది. 1914లో పాస్టర్ల కోసం పెట్టిన బడి ఊరి బడి అయినట్టే, పాస్టర్ల కోసం పెట్టిన ఈ శిక్షణకూ క్రైస్తవులు కానివారు వచ్చి చదువుకుంటున్నారు. ఆసుపత్రుల్లో, జైళ్లలో అన్ని మతాల రోగుల పక్కన, ఖైదీల పక్కన కూర్చోవలసిన ఉద్యోగం ఇది. దానికి కావలసినవారందరినీ ఒకే మతం నుంచి తయారుచేయడం కుదరదు కూడా.

మన వైపు చుట్టాలేమయ్యారని అడుగుతారేమో. 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి ఏర్పడింది. రాజమండ్రి లూథర్‌గిరిలో 1964లో లూథరన్లు, ఇతర సభలవారు కలిసి ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ పెట్టారు. అది తర్వాత హైదరాబాదుకు మారింది. అక్కడ లూథరన్లు ఇతర సభలతో కలిసి నిలబడ్డారు. ఇక్కడ యూనివర్సిటీతో కలిసి నిలబడ్డారు. మన దగ్గర యూనివర్సిటీ ఆ తలుపు తెరవదు గనుక సభలు ఒకదానికొకటి ఆసరా అయ్యాయని నాకు అనిపిస్తుంది.

చివరగా మళ్లీ పేరు దగ్గరికే వస్తాను. 2018లో వాటర్లూ లూథరన్ సెమినరీ తన పేరును మార్టిన్ లూథర్ యూనివర్సిటీ కాలేజీగా మార్చుకుంది. ఊరి పేరు పోయింది, సెమినరీ అన్న మాట పోయింది. 1973లో వదులుకున్న యూనివర్సిటీ అన్న మాట మాత్రం తిరిగి వచ్చింది. సభ ముగిశాక ఓపిక ఉన్నవారు నాతో వస్తే, ఆ భవనం ముందునుంచి బయలుదేరి 75 నంబరు నుంచి 200 నంబరు దాకా నడుద్దాం. షెడ్లు వేసిన 1957 నుంచి పొలం వైపు హేగీ వెళ్లిన దారి అదే. చలికోట్లు మాత్రం మరవకండి. అంతకుముందు ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.